రాసిన, రాస్తూ, రాసి: ఇంగ్లీషులో ఏ రూపం ఎప్పుడు ఎంచుకోవాలి

"రాసిన" అన్న ఒక్క మాట తీసుకోండి. రాసిన అమ్మాయి, రాసిన ఉత్తరం, రాసిన పెన్ను, రాసిన రోజు. తెలుగులో నాలుగింటికీ ఒకే రూపం. అమ్మాయి రాసిందని, ఉత్తరాన్ని రాశారని, పెన్నుతో రాశారని, ఆ రోజున రాశారని పక్కనున్న నామాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది. క్రియ మాత్రం ఏమీ చెప్పదు. ఇంగ్లీషులో అలా కుదరదు. "ద గర్ల్ హూ రోట్ ఇట్", "ద లెటర్ రిటెన్ బై హర్", "ద పెన్ షి రోట్ విత్", "ద డే షి రోట్ ఇట్" అని నాలుగు దారుల్లో వెళ్లాలి. పార్టిసిపుల్స్ దగ్గర తెలుగువాళ్లం తడబడేది ఎక్కువగా ఇక్కడే. నియమాలు చదివే ఉంటాం, కానీ ఏ దారో తేల్చుకోకముందే క్రియకు ఇంగ్ తగిలించేస్తాం.

మన ముందున్న దారులు ఐదు. క్రియకు ఇంగ్ చేర్చిన ప్రెజెంట్ పార్టిసిపుల్. వి3 అని బడిలో నేర్చుకున్న పాస్ట్ పార్టిసిపుల్. హ్యావింగ్ తర్వాత వి3 వచ్చే పర్ఫెక్ట్ పార్టిసిపుల్. హూ, విచ్, దట్‌తో మొదలయ్యే రిలేటివ్ క్లాజ్. బికాజ్, వెన్, ఆఫ్టర్, యాజ్ లాంటి మాటతో మొదలయ్యే పూర్తి ఉపవాక్యం. మొదటి మూడూ పొట్టివి, చివరి రెండూ పొడుగు. పొట్టివాటికి షరతులు ఎక్కువ. పొడుగువి కాస్త బరువుగా అనిపించినా చాలా అరుదుగా తప్పుతాయి. అనుమానం వచ్చినచోట పొడుగుదే రాయమని నా సలహా.

## ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

ఆ పని ఎవరిది? అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పార్టిసిపుల్‌కు మామూలుగా సొంత సబ్జెక్ట్ ఉండదు. వాక్యం మొదట్లో పెడితే, కామా తర్వాత వచ్చే సబ్జెక్ట్‌నే తనదిగా తీసుకుంటుంది. అక్కడ వేరే మనిషో వస్తువో ఉంటే అర్థం తలకిందులవుతుంది.

నామం పని చేసిందా, పని దానిమీద జరిగిందా? చేస్తే ఇంగ్, జరిగితే వి3. "ద డ్రైవర్ స్టాపింగ్ ద బస్" అంటే బస్సు ఆపుతున్న డ్రైవర్. "ద బస్ స్టాప్డ్ బై ద పోలీస్" అంటే పోలీసులు ఆపిన బస్సు.

ఎప్పుడు? రెండు పనులూ ఒకేసారి జరిగాయా, ఒకటి పూర్తయ్యాక రెండోదా?

వర్ణిస్తున్నది నామాన్నా, క్రియనా? దీనికి తెలుగే దారి చూపుతుంది. మనసులో "చేసిన, చేస్తున్న, చేసే" అని వస్తే మీరు నామాన్ని వర్ణిస్తున్నారు. "చేసి, చేస్తూ" అని వస్తే క్రియను. నామమైతే ఇంగ్, వి3, రిలేటివ్ క్లాజ్ మధ్య ఎంపిక. క్రియ అయితే ఇంగ్, హ్యావింగ్, పూర్తి ఉపవాక్యం మధ్య. అప్పుడప్పుడు వి3 కూడా వస్తుంది.

| దారి | పని ఎవరిది | కాలం | ఎక్కడ నప్పుతుంది | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| ఇంగ్ | నామమే చేస్తుంది | అదే సమయం, లేదా వెంటనే | జరుగుతున్న పని, అలవాటు, స్థితి | ఎప్పుడో ఒకసారి జరిగి ముగిసిన పని |
| వి3 | నామం మీద జరుగుతుంది | సాధారణంగా పూర్తయినది | క్లుప్తమైన పాసివ్ వర్ణన | నామమే పని చేసినప్పుడు |
| హ్యావింగ్ + వి3 | ప్రధాన వాక్యం సబ్జెక్ట్‌ది | ముందే పూర్తయినది | ఒకటి ముగిశాక ఇంకొకటి | "ఎవరు, ఏది" అని గుర్తుపట్టించేటప్పుడు |
| రిలేటివ్ క్లాజ్ | ఎవరిదైనా | ఏ కాలమైనా | కాలం, కర్త స్పష్టంగా చెప్పాల్సినచోట | వరుసగా రెండు మూడు వస్తే వాక్యం కుంటుతుంది |
| పూర్తి ఉపవాక్యం | ఎవరిదైనా | ఏ కాలమైనా | కారణం, సమయం, ఇద్దరు కర్తలు | మాటలు పెరుగుతాయి |

## ఇంగ్ రూపం: "చేసిన"కు కాదు, "చేస్తున్న"కు

"ద చిల్డ్రన్ ప్లేయింగ్ అవుట్‌సైడ్" అంటే బయట ఆడుకుంటున్న పిల్లలు. ఇక్కడ ఎవరూ పొరబడరు. చిక్కంతా "నిన్న వచ్చిన ఆయన" దగ్గర. దాన్ని "ద మ్యాన్ కమింగ్ యెస్టర్‌డే" అనడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఒకసారి జరిగి అయిపోయిన పనికి నామం పక్కన ఇంగ్ పనికిరాదు. "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే" అనే రాయాలి. "పోయినేడాది బహుమతి గెలిచిన అమ్మాయి" కూడా అంతే: "ద గర్ల్ హూ వన్ ద ప్రైజ్ లాస్ట్ ఇయర్". విన్నింగ్ అంటే కుదరదు.

దీనికి ఎదురుచిక్కు కూడా ఒకటుంది, దాన్ని చాలా పుస్తకాలు వదిలేస్తాయి. తెలుగులో "ఇన" రూపంలో ఉన్నా ఇంగ్లీషులో ఇంగ్ కోరే క్రియలు ఒక గుంపు ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయి, గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి, మంచం మీద పడుకున్న ముసలాయన, నీలం చొక్కా వేసుకున్న కుర్రాడు, గొడుగు పట్టుకున్న మనిషి. ఆ పని ఎప్పుడో మొదలైనా ఆ స్థితి ఇప్పుడూ కొనసాగుతోంది. ఇంగ్లీషు ఆ కొనసాగింపునే చూస్తుంది: "ద బాయ్ సిట్టింగ్ బై ద విండో", "ద గర్ల్ స్టాండింగ్ ఇన్ ద డోర్‌వే", "ద ఓల్డ్ మ్యాన్ లయింగ్ ఆన్ ద బెడ్", "ద బాయ్ వేరింగ్ ఎ బ్లూ షర్ట్", "ద మ్యాన్ హోల్డింగ్ ఎన్ అంబ్రెలా". భంగిమ, ఒంటిమీద బట్ట, చేతిలో వస్తువు: ఈ మూడు రకాల్లో దేని గురించి చెబుతున్నా తెలుగు రూపాన్ని నమ్మకండి, ఇంగ్ వేయండి.

ఇంకో అనుమానం. కంటెయిన్, విష్, ఓన్, నో లాంటి క్రియలను "ఈజ్ కంటెయినింగ్" అని కంటిన్యువస్‌లో వాడకూడదని చెబుతారు. పార్టిసిపుల్‌గా మాత్రం నిశ్చింతగా వాడొచ్చు. "ఎ బాక్స్ కంటెయినింగ్ ఓల్డ్ లెటర్స్", "ఎనీవన్ విషింగ్ టు అప్లై", "నాట్ నోయింగ్ ద ఆన్సర్, షి కెప్ట్ క్వయెట్" అన్నీ సరైనవే. చివరి ఉదాహరణలో నాట్ ఎక్కడ ఉందో చూడండి. పార్టిసిపుల్‌కు ముందే రావాలి. "నోయింగ్ నాట్" అనకూడదు.

వాక్యం చివర కామా పెట్టి వాడే ఇంగ్ మరో రకం: "ద ట్యాంక్ బర్స్ట్, ఫ్లడింగ్ ద స్ట్రీట్." ట్యాంకు పగిలింది, దాంతో వీధి మునిగింది. ఫలితాన్ని పొట్టిగా చెప్పడానికి ఇది మంచి దారి. రిపోర్టులు రాసేవాళ్లు ఇది తప్పక అలవాటు చేసుకోవాలి.

## వి3: పని ఎవరిమీద జరిగిందో వాళ్లకు

"ద బ్రిడ్జ్ బిల్ట్ బై ద ఆర్మీ", "ద ప్రాబ్లమ్స్ డిస్కస్డ్ ఎట్ ద మీటింగ్". విచ్ వాజ్, విచ్ వర్ తీసేస్తే మిగిలేది ఇదే. పాసివ్ కాబట్టి పని ఎప్పుడో ముగిసినా పరవాలేదు, ఇంగ్‌కు ఉన్న ఇబ్బంది దీనికి లేదు. పని ఇంకా నడుస్తుంటే "ద బ్రిడ్జ్ బీయింగ్ బిల్ట్", ఇకముందు జరగాల్సి ఉంటే "ద బ్రిడ్జ్ టు బి బిల్ట్". కట్టిన వంతెన, కడుతున్న వంతెన, కట్టబోయే వంతెన అన్న తేడా మూడు రూపాల్లో సరిగ్గా దిగిపోతుంది.

పాసివ్ కాకపోయినా వి3 నామం ముందు వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి: "ఫాలెన్ లీవ్స్", "ఎ రిటైర్డ్ టీచర్", "ఎన్ ఎస్కేప్డ్ ప్రిజనర్", "ఎన్ ఎక్స్‌పైర్డ్ పాస్‌పోర్ట్". ఆకులు తామే రాలాయి, ఖైదీ తానే పారిపోయాడు. అలాగని ప్రతి క్రియతోనూ కుదరదు. చనిపోయిన మనిషి "డైడ్ మ్యాన్" కాదు, "డెడ్ మ్యాన్". వచ్చిన అతిథి "ఎరైవ్డ్ గెస్ట్" కాదు. "న్యూలీ ఎరైవ్డ్ గెస్ట్" అని ముందు ఒక మాట చేరిస్తే కుదురుతుంది. ఈ గుంపు చిన్నది కాబట్టి, చదివినచోట కనిపించినవి గుర్తుపెట్టుకుని వాడండి, కొత్తవి కల్పించకండి.

స్థానం కూడా అర్థాన్ని మారుస్తుంది. ఒంటరి పార్టిసిపుల్ మామూలుగా నామానికి ముందు వస్తుంది, తోకతో వస్తే వెనక: "బ్రోకెన్ గ్లాస్", కానీ "గ్లాస్ బ్రోకెన్ ఇన్ ద స్టార్మ్". కొన్ని మాటలు ఒంటరిగా ఉన్నా వెనకే నిలబడతాయి. "ద ఆఫీసర్ కన్సర్న్డ్" అంటే సంబంధిత అధికారి. "ఎ కన్సర్న్డ్ ఆఫీసర్" అంటే ఆందోళన పడుతున్న అధికారి. దరఖాస్తుల్లో "సంబంధిత అధికారి" అనబోయి "కన్సర్న్డ్ ఆఫీసర్" అని రాసేవారు చాలామంది. "ద పీపుల్ ఇన్వాల్వ్డ్" అంటే ఆ వ్యవహారంలో ఉన్నవాళ్లు. "ఎన్ ఇన్వాల్వ్డ్ స్టోరీ" అంటే చిక్కుముడుల కథ.

### భావాల జంటలు

బోరింగ్, బోర్డ్, కన్ఫ్యూజింగ్, కన్ఫ్యూజ్డ్, టైరింగ్, టైర్డ్, ఎంబరాసింగ్, ఎంబరాస్డ్. "మనుషులకు ఈడీ, వస్తువులకు ఇంగ్" అని నేర్పుతుంటారు. అది సగం నిజమే. భావం పుట్టించేదానికి ఇంగ్, భావం పొందేవారికి ఈడీ అనేది సరైన గీటు. ఉపన్యాసకుడు మనిషే, కానీ వినేవాళ్లకు విసుగు పుట్టిస్తే "ఎ బోరింగ్ స్పీకర్". ఆయనకే విసుగొస్తే "ఎ బోర్డ్ స్పీకర్". "ఐ యామ్ బోరింగ్" అంటే నాతో మాట్లాడితే ఎవరికైనా విసుగు పుడుతుందని అర్థం. "నాకు విసుగ్గా ఉంది" అనడానికి "ఐ యామ్ బోర్డ్" అనాలి.

## హ్యావింగ్: "చేసి"కి దగ్గర, కానీ ప్రతి "చేసి"కీ కాదు

"భోంచేసి ఆఫీసుకు వెళ్లాడు." దీన్ని "ఈటింగ్ లంచ్, హి వెంట్ టు ద ఆఫీస్" అని రాస్తే తింటూ వెళ్లాడని అర్థం వస్తుంది. "హ్యావింగ్ ఈటెన్ లంచ్" అంటే సరిపోతుంది. అయితే ఇది రాతలో, అదీ కాస్త గంభీరమైన రాతలో నప్పే రూపం. మాటల్లో "ఆఫ్టర్ ఈటింగ్ లంచ్" హాయిగా ఉంటుంది. ఒకదాని వెంట ఒకటి చకచకా జరిగే చిన్న పనులకు మాత్రం ఉత్త ఇంగ్ చాలు: "ఓపెనింగ్ ద డ్రాయర్, హి టుక్ అవుట్ ఎ కీ."

పని తనమీదే జరిగి ఉంటే "హ్యావింగ్ బీన్" కావాలి: "హ్యావింగ్ బీన్ వార్న్డ్ ట్వైస్, హి స్టాప్డ్ కమింగ్ లేట్." రెండుసార్లు హెచ్చరించింది వేరేవాళ్లు. బీన్ వదిలేస్తే ఆయనే ఎవరినో హెచ్చరించినట్టవుతుంది.

ఒక పొరపాటు మాత్రం ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ల రాతల్లోనూ కనిపిస్తుంది: "స్టూడెంట్స్ హ్యావింగ్ పాస్డ్ ద ఎగ్జామ్ షుడ్ అప్లై." పాసైన విద్యార్థులు అని గుర్తుపట్టించడానికి హ్యావింగ్ వాడకూడదు. "స్టూడెంట్స్ హూ హ్యావ్ పాస్డ్ ద ఎగ్జామ్" అనాలి. హ్యావింగ్ ఎప్పుడు, ఎందుకు అన్నవాటికి జవాబు చెబుతుంది. ఎవరు అన్నదానికి హూ కావాలి.

## పూర్తి ఉపవాక్యం: ఇద్దరు కర్తలున్నప్పుడు తప్పదు

తెలుగు "చేసి"లో మనకు తెలియకుండానే ఒక వెసులుబాటు ఉంది. "వర్షం పడి రోడ్లు తడిశాయి", "కరెంటు పోయి పని ఆగిపోయింది", "జ్వరమొచ్చి డాక్టరు సెలవు తీసుకోమన్నాడు" అని నోటి వాడుకలో అనేస్తాం. రెండు క్రియలకూ కర్తలు వేరైనా తెలుగు చెవికి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఇదే ఇంగ్లీషులోకి దిగితే "బీయింగ్ ఇల్, ద డాక్టర్ అడ్వైజ్డ్ మి టు టేక్ లీవ్" అవుతుంది. కామా తర్వాత ద డాక్టర్ ఉంది కాబట్టి జబ్బు డాక్టరుదైపోయింది. వేలాడే పార్టిసిపుల్ అనేది దీన్నే.

దిద్దడానికి రెండు దారులు. సబ్జెక్ట్‌ను మార్చడం: "బీయింగ్ ఇల్, ఐ వాజ్ అడ్వైజ్డ్ టు టేక్ లీవ్." లేదా పార్టిసిపుల్‌ను విప్పడం: "యాజ్ ఐ వాజ్ ఇల్, ద డాక్టర్ అడ్వైజ్డ్ మి టు టేక్ లీవ్." రెండోదే మేలు. మొదటిదానికి వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పాల్సి వచ్చింది, డాక్టరు మాయమయ్యాడు. కేవలం పార్టిసిపుల్‌ను కాపాడటానికి ప్రధాన వాక్యాన్ని వంచడం మంచి బేరం కాదు.

కామా తర్వాత ఇట్, దేర్ ఉన్నా, పాసివ్ ఉన్నా ఒకసారి ఆగి చూడాలి. "వాకింగ్ ఇంటు ద రూమ్, ఇట్ వాజ్ డార్క్": గదిలోకి నడిచింది ఎవరో చెప్పలేదు. "హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్, ద గేట్ వాజ్ లాక్డ్": గేటు పని పూర్తిచేసినట్టుంది.

"ఆదివారం కావడంతో" అనే మాటకూ ఇదే చిక్కు. "బీయింగ్ సండే, ద లైబ్రరీ వాజ్ క్లోజ్డ్" తప్పు. "ఇట్ బీయింగ్ సండే" అని పార్టిసిపుల్‌కు సొంత సబ్జెక్ట్ ఇస్తే వ్యాకరణం సరిపోతుంది, కానీ బిగుసుకుపోయిన రాతలా ఉంటుంది. "యాజ్ ఇట్ వాజ్ సండే" అనేది అందరికీ నప్పుతుంది. సొంత సబ్జెక్ట్ ఇచ్చే పద్ధతిలో నిజంగా పనికొచ్చేది విత్‌తో వచ్చేది: "విత్ ఆల్ ద సీట్స్ టేకెన్, వి స్టుడ్ ఎట్ ద బ్యాక్."

కన్సిడరింగ్, రిగార్డింగ్, జడ్జింగ్ ఫ్రమ్, డిపెండింగ్ ఆన్, జనరలీ స్పీకింగ్, గివెన్, ప్రొవైడెడ్ లాంటివాటికి ఈ షరతు వర్తించదు. ఇవి పార్టిసిపుల్‌గా పుట్టినా ఇప్పుడు ప్రిపొజిషన్లుగా, కంజంక్షన్లుగా, వాక్యం మొత్తాన్ని తాకే మాటలుగా స్థిరపడ్డాయి. "కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద రిజల్ట్ ఈజ్ గుడ్" సరైన వాక్యమే.

## రిలేటివ్ క్లాజ్: ఎప్పుడు కుదించొచ్చు, ఎప్పుడు కూడదు

హూ లేదా విచ్ తానే సబ్జెక్ట్ అయినప్పుడే ఇంగ్‌గానో వి3గానో కుదించొచ్చు. "నేను కొన్న పుస్తకం"లో కొన్నది నేను. కాబట్టి "ద బుక్ విచ్ ఐ బాట్"ను "ద బాట్ బుక్" అనలేం; "ద బుక్ బాట్ బై మి" వ్యాకరణంగా నిలబడినా ఎవరూ అలా మాట్లాడరు. విచ్ ఒక్కటి తీసేసి "ద బుక్ ఐ బాట్" అంటే అన్నిటికన్నా పొట్టి, అన్నిటికన్నా సహజం. తెలుగులో "నేను, మా అమ్మ, వాళ్లు" అంటూ కర్త కనిపించే "చేసిన"కు ఎక్కువగా ఈ దారే పట్టండి.

## ఎక్కడ పెట్టాలి

సరైన రూపం ఎంచుకున్నా, తప్పుచోట పెడితే దండగే. "ద బాయ్ సా ఎ స్నేక్ గోయింగ్ టు స్కూల్" అంటే బడికి వెళ్తున్నది పాము. "గోయింగ్ టు స్కూల్, ద బాయ్ సా ఎ స్నేక్" అంటే కుర్రాడు. మాడిఫయర్, అంటే వర్ణించే మాట, తన నామాన్ని ఆనుకుని ఉండాలి.

ఓన్లీ, ఆల్మోస్ట్, ఆఫెన్ లాంటి చిన్న మాటలకూ ఇదే వర్తిస్తుంది. "షి ఆల్మోస్ట్ లాస్ట్ ఆల్ హర్ మనీ" అంటే కొద్దిలో తప్పింది, డబ్బు పోలేదు. "షి లాస్ట్ ఆల్మోస్ట్ ఆల్ హర్ మనీ" అంటే దాదాపు అంతా పోయింది. "స్టూడెంట్స్ హూ ప్రాక్టీస్ ఆఫెన్ ఇంప్రూవ్"లో ఆఫెన్ రెండు క్రియల నడుమ ఇరుక్కుంది. తరచూ సాధన చేసేవారా, తరచూ మెరుగుపడేవారా? "హూ ఆఫెన్ ప్రాక్టీస్" అని జరిపితే అనుమానం పోతుంది.

## ఎవరికి ఏది

పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించే ప్రశ్నలకు సిద్ధమయ్యేవారు, వాక్యం ఇంగ్‌తోనో హ్యావింగ్‌తోనో వి3తోనో మొదలైతే నేరుగా కామా దగ్గరికి వెళ్లాలి. తర్వాత ఉన్న మొదటి నామం ఆ పని చేయగలదా? వి3 అయితే, ఆ పని దానిమీద జరగగలదా? చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే ఇంగ్, ఈడీ జంట చూడండి, ఆ తర్వాత బీన్ తప్పిపోయిందేమో చూడండి.

ఆఫీసు ఉత్తరాలు, నోటీసులు రాసేవారికి పొడుగు దారే క్షేమం. నోటీసులో అర్థం రెండు రకాలుగా వస్తే నష్టపోయేది చదివేవాళ్లు. "ఎనీవన్ విషింగ్ టు", "ద డాక్యుమెంట్స్ అటాచ్డ్" లాంటి స్థిరపడ్డ పొట్టి రూపాలు వాడుకోండి. కారణం చెప్పాల్సినచోట మాత్రం యాజ్, బికాజ్ రాయండి.

కథలు, వ్యాసాలు రాసేవారికి పార్టిసిపుల్ మంచి పనిముట్టు, కానీ ప్రతి వాక్యాన్నీ ఇంగ్‌తో మొదలుపెడితే నడక విసుగెత్తిస్తుంది. ఒక పేరాలో అలాంటి వాక్యం ఒకటి చాలు. రెండోదాన్ని చివరికి జరపండి, లేదా యాండ్‌తో రెండు మామూలు క్రియలుగా విడగొట్టండి.

మాట్లాడటం నేర్చుకునేవారు హ్యావింగ్‌ను పక్కన పెట్టినా కొంప మునగదు. ఆఫ్టర్ తర్వాత ఇంగ్, హూ తర్వాత మామూలు క్రియ, భావాల జంటలు: ఈ మూడూ నోటికి పట్టించుకుంటే రోజువారీ మాటల్లో చాలావరకు గడిచిపోతుంది.

ఇక కామాల సంగతి. "ద బాయ్స్ స్టాండింగ్ అవుట్‌సైడ్ గాట్ వెట్" అంటే బయట నిలబడ్డ కుర్రాళ్లే తడిశారు, లోపలున్నవాళ్లు తడవలేదు. "ద బాయ్స్, స్టాండింగ్ అవుట్‌సైడ్, గాట్ వెట్" అంటే కుర్రాళ్లందరూ బయటే ఉన్నారు, అందరూ తడిశారు. రాసింది మళ్లీ చదివేటప్పుడు పార్టిసిపుల్‌ను తీసేసి చూడండి. ఎవరి గురించో తెలియకుండా పోతే కామా వద్దు. తెలుస్తూనే ఉంటే రెండు వైపులా కామా పెట్టాలి, ఒకవైపే పెట్టి వదిలేయకూడదు.